తడవని చెయ్యి

దొరబాబుకి చెమట పట్టదు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ యాభై ఎనిమిదేళ్ళలో ఒక్క బొట్టు పట్టలేదు. ఆ మాట వినగానే జనం "అదృష్టవంతుడివయ్యా" అంటారు. మే నెల మిట్టమధ్యాహ్నం చొక్కా వీపుకి అంటుకుపోయి విసనకర్ర పట్టుకుని ఆపసోపాలు పడుతున్నవాడికి అలాగే అనిపిస్తుంది మరి. చెమట లేకపోతే లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదనీ, ఎండలో పావుగంట నిలబడితే ఒళ్ళు కాలిపోయి కళ్ళు తిరుగుతాయనీ వాళ్ళకి విడమరిచి చెప్పడం దొరబాబు ఎప్పుడో మానేశాడు. ఊరికే నవ్వేస్తాడు. నవ్వితే నోట్లో ఉన్న నాలుగు పళ్ళూ కనిపిస్తాయి. నాలుగే, అవీ మొనదేలి ఉంటాయి. మొదటిసారి చూసిన పిల్లలు జడుసుకుంటారు, రెండోసారికి "పిల్లి తాతా" అంటూ వెంటపడతారు. తల మీద జుట్టు పల్చన, కనుబొమలు లేనట్టే లెక్క. పెళ్ళిచూపుల్లో సత్యవేణి తలెత్తి చూసి ఫక్కున నవ్విందట. ఆ నవ్వు చూసి దొరబాబు కూడా నవ్వాడట. సంబంధం ఖాయమైపోయింది.

గోదావరి పాయ పక్కన గుమ్మలంకలో వాళ్ళది పూతరేకుల ఇల్లు. వెనక వసారాలో పొయ్యి దగ్గర కూర్చుని రేకులు తీసేది సత్యవేణి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట వేసి, బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన పలచని గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే, కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. ఆ రేకుల్ని లోపలి గదిలో నెయ్యీ పంచదారా వేసి మడతపెట్టేది దొరబాబు. ఆ గదిలో పంకా వెయ్యకూడదు, వేస్తే రేకులన్నీ ఎగిరి చూరెక్కి కూర్చుంటాయి. పంకా లేకుండా మామూలు మనిషి కూర్చుంటే పది నిమిషాల్లో చేతులు చెమర్చి, పట్టుకున్న రేకు వేళ్ళకి అతుక్కుని చిరుగుతుంది. రేకు మెత్తబడడానికి తడి కావాలి గానీ అది తడిగుడ్డ నుంచి లెక్కగా రావాలి, చేతి నుంచి రాకూడదు. దొరబాబు చేతి నుంచి అసలు రాదు.

అందుకని ఆయన కాళ్ళు రెండూ కాలవ నీళ్ళ బేసిన్లో పెట్టుకుని, ఒంటికి తడి తువ్వాలు చుట్టుకుని, చేతులు మాత్రం ఎండుగా ఉంచుకుని రోజంతా మడతలు వేస్తాడు. గంటకోసారి బేసిన్లో నీళ్ళు మార్చాలి. నలభై ఏళ్ళలో దొరబాబు చేతిలో రేకు చిరగలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. సత్యవేణి ఒప్పుకోదు. ఒకసారి చిరిగిందంటుంది. అయితే ఆ రోజు చూరు మీంచి పిల్లి దూకింది.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉంది. టించర్ అయోడిన్ సీసా గడప లోపలికి రాకూడదు. ఎప్పుడో కొబ్బరికాయ కొడుతుంటే సత్యవేణి వేలు తెగింది, టించర్ రాసుకుని ఆ చేత్తోనే రేకులు అందించింది. తగిలిన చోటల్లా రేకు నీలిసిరా ఒలికినట్టు నల్లబడిపోయింది. రెండు పళ్ళేల సరుకు గేదెల పాలైంది. అప్పట్నుంచీ ఆ సీసా కాపురం పక్కింటి మహాలక్ష్మి అలమరలో.

ఇలా హాయిగా జరిగిపోతున్న ఇంటికి కూతురు హైమ కడుపుతో వచ్చింది. ఐదో నెల. అల్లుడు తాతాజీ కరెంటు లైన్‌మన్. హైమ పుట్టినప్పుడే డాక్టర్లు చెప్పారు, తండ్రి దగ్గరున్నది కూతురికి సగం సగం వస్తుంది, ఆమెకి మగపిల్లాడు పుడితే పూర్తిగా రావచ్చు, రాకపోవచ్చు అని. ఇప్పుడు పరీక్ష చేశారు. మగపిల్లాడే. వచ్చింది.

అప్పటి ఎండలు దొరబాబు చిన్ననాటి ఎండలు కావు. మాఘ మాసంలోనే మొదలై మృగశిర కార్తె దాకా ఊపిరాడనివ్వవు. యాభై డిగ్రీలు దాటిన రోజుల్ని పేపర్లో వెయ్యడం కూడా మానేశారు. ఆ ఎండల్లోకి, చెమట పట్టని పసిగుడ్డు.

"విశాఖలో ఎవరో డాక్టరమ్మ ఉందంట నాన్నా. పుట్టకముందే వైద్యం చేస్తారంట. నువ్వు కూడా రావాలి, నీ రక్తం కావాలంట," అంది హైమ.

దొరబాబు బేసిన్లోంచి కాళ్ళు తీసి తుడుచుకున్నాడు.

*

విశాఖలో ఆ పరిశోధనాలయం సముద్రం కనిపించే కొండ మీద ఉంది. లోపల మహా చల్లగా ఉంది. దొరబాబుకి అంత సుఖంగా ఎప్పుడూ లేదు. తువ్వాలు తీసి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పక్కన సత్యవేణి గజగజా వణుకుతోంది.

డాక్టర్ సువార్తకి నలభై దాటాయి. గట్టి గొంతు, కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే. హైమని లోపలికి తీసుకెళ్ళి అరగంట తర్వాత వచ్చి కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ చూపించింది.

"ఇది మీ అమ్మాయి వీపు. అయోడిన్ పూసి, ఆరాక పిండి చల్లి, వేడి దీపం కింద కూర్చోబెట్టాం. చెమట బొట్టు లేచిన ప్రతిచోటా ఒక నల్ల చుక్క పడుతుంది."

వీపు మీద నల్లని చారలు సుడులు తిరిగి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి చారా వేల వేల సన్నని చుక్కలు. చారకీ చారకీ మధ్య తెల్లగా, ఒక్క చుక్క లేకుండా ఉంది.

"ఏం పిండండీ చల్లింది?" అన్నాడు దొరబాబు.

"బియ్యం గంజిపొడి లాంటిదే."

"మా సరుకే అయితే," అన్నాడు. తర్వాత నవ్వు మానేసి చాలాసేపు ఆ చారల వంకే చూశాడు. వాళ్ళమ్మ గుర్తొచ్చింది. కోతలకెళ్ళి వచ్చిన రోజుల్లో ఆమె జాకెట్టు వెనక ఇలాగే చారలు చారలుగా తడిసేది. ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకీ తెలీదు, తన ఒంట్లో సగం తడి, సగం ఎడారి అని.

సువార్త పెద్ద పెద్ద మాటలు చెప్పలేదు. కడుపులో బిడ్డ చర్మానికి ఐదారు నెలలప్పుడు ఒక కబురు అందాలంది. ఇక్కడొక చెమట రంధ్రం పెట్టు, ఇక్కడొక పంటి మొలక పెట్టు, ఇక్కడొక వెంట్రుక పెట్టు అని. దొరబాబు లాంటి మగపిల్లలకి ఆ కబురు పుట్టదు. హైమ వీపు మీద నల్లచారల్లో ఉన్న కణాలకి ఆ కబురు వచ్చు. వాటిని చిటికెడు తీసి, గట్టిగా కేకేసి చెప్పడం నేర్పి, ఉమ్మనీటిలో వదులుతారు. అవి బిడ్డ చుట్టూ తేలుతూ అరుస్తూనే ఉంటాయి. ఆరో నెల నిండితే చర్మం తలుపేసుకుంటుంది, ఇక ఎంత అరిచినా వినదు.

"ఆ కణాలు వేడికి ఆగవు. అందుకని మీ అమ్మాయి పది వారాలు ఇక్కడే, చల్లటి గదిలో ఉండాలి. ఇప్పటికి ఏడుగురికి చేశాం. నలుగురు పిల్లలకి చెమట వచ్చింది. ఇద్దరికి రాలేదు. ఒకామెకి..." సువార్త కళ్ళజోడు దించి తుడుచుకుంది. "కడుపు నిలవలేదు. అది మా కణాల వల్లా కాదా అన్నది నాకింకా తెలీదు. తెలీదనే చెబుతాను."

పక్కనున్న కుర్ర డాక్టరు, "లోపం మొదట్లోనే సరిచేసేస్తే బిడ్డ అందరిలాగే బతుకుతాడండీ," అన్నాడు మంచిగానే.

ఆ "లోపం" అన్న మాట దొరబాబుకి చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

*

బయట వరండాలో బెంచీ మీద తండ్రీకూతుళ్ళు కూర్చున్నారు. సత్యవేణి టీ కోసమని వెళ్ళింది, అసలు సంగతి ఎండలో కాసేపు నిలబడి చలి వదిలించుకోవడానికి.

"నువ్వేమంటావు నాన్నా?"

"నన్నడుగుతావేంటే? నీ మొగుడేమన్నాడు?"

"నీ ఇష్టం అన్నాడు. అత్తయ్యగారూ నీ ఇష్టమే అన్నారు. అందరూ నా ఇష్టమే అంటున్నారు. నాకు భయమేస్తంది."

దొరబాబు సముద్రం వైపు చూశాడు. లోపల ఉడుకుతున్న మాట బయటపడింది.

"నాకేం తక్కువైందే? పెళ్ళయింది, నువ్వు పుట్టావు, నలుగురిలో పేరుంది. ఎప్పుడైనా ఎవరి ముందైనా తలొంచుకున్నానా? ఆ కుర్రోడు లోపం లోపం అంటాడేంటి!"

హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అదే నాన్నా నా బాధ. ఇది చేయించుకుంటే నువ్వు పనికిరావన్నట్టు ఉంటది కదా. నాకు నీలాంటోడు పుడితే సంతోషమే. నీ పళ్ళంటే నాకిష్టం."

ఆ మాటతో దొరబాబు కోపమంతా జారిపోయింది. తన కోపం ఎంత చిన్నదో కనిపించి సిగ్గేసింది. ఈ పిల్ల కడుపులో బిడ్డని పెట్టుకుని తండ్రి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని కూర్చుంది.

"నీకు మీ బాబాయి సంగతి చెప్పానా?" అన్నాడు.

"చిన్నప్పుడే జొరమొచ్చి పోయాడన్నావు."

"జొరం కాదే. నాలాంటోడే. మూడేళ్ళు. ఆ ఏడు కాలవ కట్టేశారు, మరమ్మతులని. నాకు ఏడేళ్ళు, పరిగెత్తుకెళ్ళి గోదాట్లో పడుకునేవాణ్ణి. ఆడు పరిగెత్తలేడుగా. మా అమ్మ ఆణ్ణి మంచంలో దుప్పటి కప్పి పడుకోబెట్టింది. జొరం అనుకుంది. అందరూ అలాగే అన్నారు." దొరబాబు కూతురి వైపు తిరిగాడు. "నేను బతికానని నీ కడుపులో ఉన్నోడూ బతుకుతాడని లేదమ్మా. నాకు నీళ్ళు దొరికాయి. అంతే తేడా. నువ్వు చేయించుకో. నన్ను కాదన్నట్టు కాదు. నేనే చెబుతున్నా."

అప్పటికి టీలు వచ్చాయి. దొరబాబు లేచి మళ్ళీ లోపలికెళ్ళి సువార్తని పట్టుకున్నాడు.

"డాక్టరమ్మ గారూ, ఒక్క మాటండీ. పళ్ళు కూడా మారిపోతాయా?"

"కొన్ని వస్తాయి. అన్నీ రావు. పై ముందు పళ్ళు రెండూ మీలాగే మొనదేలి రావచ్చు. వాటి తలుపు ముందే మూసుకుంటుంది."

"ఆయ్," అన్నాడు దొరబాబు. ఆ సాయంత్రమంతా ఆయన ఎందుకంత హుషారుగా ఉన్నాడో సత్యవేణికి అంతుపట్టలేదు.

*

పది వారాలు సత్యవేణి కూతురి దగ్గర ఉండిపోయింది. పొయ్యి దగ్గర మహాలక్ష్మి కూర్చుంది. ఆమె తీసిన రేకులు కాస్త దళసరి. దొరబాబు ఏమీ అనకుండా మడతపెట్టి, ఫోన్లో భార్యకి మాత్రం చాడీలు చెప్పేవాడు.

"నువ్వొచ్చెయ్యవే. అప్పడాల్లా తీస్తంది."

"వస్తాలెండి. ఇక్కడ నాకు మూడు దుప్పట్లిచ్చారు. మీ కూతురు పుస్తకాలు చదువుతా బానే ఉంది. నీళ్ళు మారుస్తున్నారా బేసిన్లో?"

"మారుస్తున్నా."

"అబద్ధం. గొంతు చెబుతంది, వేడెక్కిపోయారు. లెగండి, లెగిసి ముందు కాళ్ళు కడుక్కోండి."

ఆయన లేచి కడుక్కునేవాడు.

కణాలు వదిలిన మర్నాటి నుంచి సువార్త రోజూ తెర మీద బిడ్డని చూసేది. ఎనిమిదో రోజున హైమకి నొప్పులొచ్చాయి. రాకూడని నొప్పులు. ఫోను రాగానే దొరబాబు మడతపెడుతున్న రేకు అలాగే వదిలేసి, తువ్వాలు కూడా మర్చిపోయి బస్టాండుకి పరిగెత్తాడు. మిట్టమధ్యాహ్నం. బస్సెక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. కండక్టరు చూసి తాగొచ్చాడనుకున్నాడు. ఎవరో సీసా నీళ్ళు నెత్తిన గుమ్మరించారు. విశాఖ చేరేసరికి నొప్పులు తగ్గాయి, హైమ ఇడ్లీ తింటోంది. తండ్రి అవతారం చూసి ఆమే ముందు ఏడ్చింది.

"మీకేమైనా అయితే ఎవరు చూస్తారండీ?" అని సత్యవేణి భర్తని నర్సుల ముందే చెడామడా తిట్టేసి, తడిగుడ్డ తెచ్చి చుట్టింది. దొరబాబు బుద్ధిగా కూర్చుని చుట్టించుకున్నాడు. కడుపు నిలిచింది, అంతకన్నా ఆయనకింకేం అక్కర్లేదు.

*

మాఘ మాసంలో విశాఖలోనే మనవడు పుట్టాడు. మూడు కిలోలు. నెత్తిన నల్లటి జుట్టు ఎంతో కొంత ఉంది. దాన్ని చూసి దొరబాబు తన తల తడుముకున్నాడు. అందరూ నవ్వారు.

పదో రోజున పరీక్ష. సువార్త బృందమంతా వచ్చి నిలబడింది. పిల్లాడి కాళ్ళకీ చేతులకీ అయోడిన్ పూశారు. ఆరనిచ్చారు. పిండి చల్లి, వెచ్చటి దీపం కింద పడుకోబెట్టారు. పదినిమిషాలు గడిచాయి. పిల్లాడి తొడల దగ్గర, మోచేతుల దగ్గర, మెడ కింద చిక్కటి నలుపు పాకింది.

"వచ్చేసింది!" అని అరిచాడు ఆ కుర్ర డాక్టరు. నర్సులు చప్పట్లు కొట్టారు. తాతాజీ అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సువార్త కుర్చీలో కూర్చుండిపోయింది. ఎనిమిదేళ్ళ చాకిరీ ఆవిడది.

దొరబాబు కూడా నవ్వబోయాడు. వంగి దగ్గరగా చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

హైమ వీపు మీద చుక్కలు పడ్డాయి. ఇక్కడ చుక్కల్లేవు. పూసినట్టుంది. అదీ మడతల్లోనే ఉంది, అరచేతిలో లేదు, అరికాల్లో లేదు. ఈ నలుపు ఆయనకి బాగా తెలుసు. రెండు పళ్ళేల సరుకు ఈ రంగుకే పోయింది.

సత్యవేణి పక్కకి జరిగి చెవిలో అడిగాడు. "పొద్దున పిల్లాడికి నీళ్ళెవరు పోశారు?"

"నేనేనండి. డాక్టర్లు చూస్తారని శుభ్రంగా నలుగు పెట్టి మరీ పోశాను."

"ఏం నలుగు?"

"మన బియ్యప్పిండేనండి, పెసరపిండిలో కలిపి. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నాగా."

దొరబాబు గదంతా ఒకసారి చూశాడు. ఊరుకోవచ్చు. గదిలో ఇంతమంది సంతోషంగా ఉన్నారు. కూతురు పిల్లాడి పాదం ముద్దుపెట్టుకుంటోంది. ఆయన ఒక్కడు నోరు మూసుకుంటే ఈ పూటకి పండగే. కానీ చెమట పడుతుందని నమ్మి వీణ్ణి వేసవిలో తడిగుడ్డ లేకుండా పడుకోబెడితే? మళ్ళీ ఒక దుప్పటి కప్పితే?

"డాక్టరమ్మ గారూ," అన్నాడు. "అది చెమట కాదండి. బియ్యం."

మడతల్లో చిక్కుకున్న తడిపిండి సంగతీ, టించర్ సంగతీ చెప్పాడు. సువార్త భూతద్దం పెట్టి చాలాసేపు చూసి నెమ్మదిగా తలూపింది. పిల్లాణ్ణి సబ్బుతో కడిగారు, తుడిచారు, ఆరబెట్టారు, మళ్ళీ చేశారు. ఈసారి ఒక్క చుక్క కూడా పడలేదు.

"చిన్నపిల్లలకి మొదటి వారాల్లో చెమట సరిగ్గా పట్టదు. అందులోనూ ఇంత చల్లటి చోట పెరిగాడు. రాలేదని చెప్పలేను, వచ్చిందనీ చెప్పలేను. కాస్త ఆగి చూద్దాం," అంది సువార్త. ఆమె గొంతులో మునుపటి బలం లేదు.

సత్యవేణి ముఖం చిన్నబుచ్చుకుని మూలకెళ్ళి నిలబడింది. నలుగుపిండి డబ్బా చెత్తబుట్టలో పడేసింది. దొరబాబు దాన్ని తీసి, మూత తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

"నువ్వేం చేశావే, మనవడికి నీళ్ళు పోశావు. అంతేగా," అన్నాడు.

గుమ్మం దగ్గర సువార్త ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు చెప్పకపోతే నేను ప్రపంచమంతా చాటేసేదాన్ని. చెప్పినందుకు..." ఆగిపోయింది. "మీ చెయ్యేంటండీ ఇంత పొడిగా ఉంది?"

"దాంతోనే కదండీ బతికేది. చెమట తగిలితే రేకు చిరుగుద్ది," అన్నాడు దొరబాబు.

*

వేసవి వచ్చేసింది. హైమ పుట్టింట్లోనే ఉంది. ఇంట్లో ఇప్పుడు బేసిన్లు రెండు, పెద్దది తాతకి, చిన్నది మనవడికి. మూడో నెల పిల్లాడు తడిగుడ్డలో చుట్టుకుని గుడ్లు మిటకరిస్తూ పడుకునేవాడు. గంటకోసారి థర్మామీటరు. అది కాస్త పైకెళ్తే హైమ ముఖం పాలిపోయేది. నీళ్ళలో దించగానే దిగేది. నీళ్ళ వల్ల దిగిందో, తనంతట తనే దిగిందో చెప్పే నాథుడు లేడు. సువార్త రోజూ ఫోన్ చేసి "ఏమైనా?" అనేది. "ఏం లేదండి," అనేది హైమ. ఆ రెండు మాటలకే ఇద్దరూ అలసిపోతున్నారు.

దొరబాబు మాత్రం మెల్లగా కుదుటపడ్డాడు. వస్తే మంచిదే. రాకపోతే చేతిలో యాభై ఎనిమిదేళ్ళ అనుభవం ఉంది. ఏ గోడ నీడ ఎంతసేపుంటుందో, కుండనీళ్ళు ఏ వేళ చల్లగా ఉంటాయో, ఒళ్ళు వేడెక్కబోయే ముందు చెవులు ఎలా గుయ్యిమంటాయో అన్నీ నేర్పుతాడు. ఈసారి పిల్లాడికి జ్వరమని ఎవరూ దుప్పటి కప్పరు. అలా అనుకుంటే ఆయనకి నిజంగానే హాయిగా ఉండేది.

వైశాఖంలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. "మీ ఆయన ఏం చేస్తున్నాడే స్తంభం మీద?" అని సత్యవేణి పొయ్యి దగ్గర్నుంచి కూతుర్ని ఆటపట్టించింది. హైమ నవ్వే స్థితిలో లేదు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చిన్న బేసిన్లో నీళ్ళు వేడెక్కిపోయాయి. ఆమె బిందె తీసుకుని బావి దగ్గరికి పరిగెత్తుతూ, "నాన్నా, కాస్త పట్టుకో," అని వాణ్ణి దొరబాబు చేతుల్లో పెట్టింది.

తడిగుడ్డ ఊడిపోయి ఉంది. దొరబాబు కుడి అరచెయ్యి పిల్లాడి తల కింద పెట్టి, గుండెకి ఆనించుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. "ఏటిరా అల్లరి? ఏటంట నీకు? నేను లేనేట్రా?" అన్నాడు. వాడు కాసేపు గింజుకుని, తాత ముఖంలోకి చూసి, ఉన్నట్టుండి నిద్రపోయాడు. హైమ నీళ్ళు తెచ్చేసరికి వాడి ఒళ్ళు మరీ అంత వేడిగా లేదు. ఆమె వాణ్ణి తీసుకుని చాప మీద పడుకోబెట్టింది.

దొరబాబు తన చోటికి వచ్చి, బేసిన్లో కాళ్ళు పెట్టుకుని రేకు అందుకున్నాడు.

రేకు చిరిగింది.

చూరు వైపు చూశాడు. పిల్లి లేదు. ఇంకో రేకు తీశాడు. అది వేళ్ళకి అతుక్కుని, నీళ్ళు తగిలిన కాగితంలా ముద్దయిపోయింది. తడిగుడ్డ ఇంకా ముట్టుకోనేలేదు. తువ్వాలు భుజం మీద ఉంది, చేతికి తగల్లేదు. ఎడమచేత్తో ఇంకో రేకు తీశాడు. లక్షణంగా లేచింది.

కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. గీతల్లో తడి మెరుస్తోంది.

యాభై ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి అలా మెరవగా ఆయన చూడలేదు. పిల్లాడి తల కింద పెట్టిన చెయ్యి అది. మెల్లగా వేలు నాలిక్కి తగిలించుకున్నాడు. ఉప్పు.

దొరబాబు లేచాడు. బేసిన్ తన్నుకుని నీళ్ళన్నీ గదిలో పారాయి. "సత్తెవేణీ!" అన్న కేకకి ఆమె పొయ్యి వదిలేసి గరిటెతో సహా వచ్చింది.

"ఏవండీ! ఏమైంది?... రేకు చింపారా?" ఆమె కళ్ళు నేల మీద పడ్డ ముక్కల మీద నిలిచిపోయాయి. నలభై ఏళ్ళ పేరు ఆ ముక్కల్లో పడి ఉంది.

ఆయన చిరిగిన ముక్క ఆమె నోట్లో పెట్టాడు.

"ఉప్పగా ఉందేంటి?" అంది సత్యవేణి.

"మనవడిది."

ఆమెకి ఒక్క క్షణం పట్టింది. గరిటె కింద పడింది. ఈలోగా హైమ పిల్లాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాడి తల తడుముతోంది. జుట్టు కుదుళ్ళ దగ్గర, ముక్కు మీద, పై పెదవి మీద సన్నని బొట్లు లేచి ఉన్నాయి. ఒక్కొక్కటీ చుక్కలా. తుడిస్తే మళ్ళీ లేస్తున్నాయి. ఆమె తుడుస్తోంది, నవ్వుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ తుడుస్తోంది.

"తుడవకే, చల్లబడనీ. ఆడి పని ఆణ్ణి చేసుకోనీ," అన్నాడు దొరబాబు.

ఫోన్ ఆయనే చేశాడు.

"చెమట పట్టిందండి."

అవతల సువార్త వెంటనే నమ్మలేదు. ఒకసారి దెబ్బతిన్న మనిషి. "ఈసారి ఎలా చెప్పగలరు దొరబాబు గారూ? ఏ పరీక్ష చేశారు?"

"రేకు చిరిగిందండి."

సువార్త గబగబా అడిగింది. "ఎన్ని?"

"రెండండి."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు, ఎవరినో గట్టిగా పిలుస్తున్న కేక. తెల్లారి బండేసుకుని వస్తానని, పిల్లాడికి నలుగు మాత్రం పెట్టొద్దని చెప్పింది.

దొరబాబు ఫోను పెట్టేసి నేల మీద ఒలికిన నీళ్ళు తుడిచాడు. ఆ గదిలో తన తర్వాత కూర్చునే చెయ్యి ఇక ఈ ఇంట్లో పుట్టదని అప్పుడు తట్టింది. కాస్త దిగులేసింది, లేదని అబద్ధమాడడం ఎందుకు. వీడు తాత పక్కన కూర్చోలేడు. పోనీ, అమ్మమ్మ పక్కన, పొయ్యి దగ్గర కూర్చుంటాడు. ఎండలో ఆడతాడు. నీళ్ళు లేని చోటికి కూడా వెళ్ళి రాగలడు. అది తల్చుకునేసరికి తమ్ముడు గుర్తొచ్చి, దొరబాబు కళ్ళు చెమర్చాయి. కన్నీళ్ళకి మాత్రం ఆయన ఒంట్లో ఎప్పుడూ కరువు లేదు.

చాప మీద పిల్లాడు లేచి బోసి నోరంతా తెరిచి ఆవలించాడు. ఎర్రటి చిగుళ్ళు. దొరబాబు వంగి, పై చిగురు మీద మెల్లగా వేలు రాసి చూశాడు. ముందువైపు, రెండు చోట్ల, లోపలేదో సన్నగా మొనదేలినట్టు తగిలింది.

తన నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వి, చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, మడతకి కూర్చున్నాడు.